పిట్టకు పెట్టిన తెల్ల పిలగాడు

మొన్న నిజామాబాద్‌లో మా పక్కింటి ముసలాయన పోతే, మూడోనాడు పిట్టకు పెట్టడానికి నన్నూ పిలిచారు. మా దిక్కు పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తరిలో పెడతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్ళు గుక్కెడు నీళ్ళు కూడా తాగరు. కాకి రాలేదంటే పోయినవాళ్ళకు ఏదో దిగులు మిగిలిందని లెక్క. దగ్గరివాళ్ళు ఆ దిగులేదో కనిపెట్టి "నీ బిడ్డను నేను చూసుకుంటాలే" అనో మరొకటో మాటిస్తే అప్పుడు దిగుతుంది. మొన్న ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. విస్తరి డాబా గోడ మీద పెట్టి, కాసేపు ఫోన్లు చూసుకొని, "గీ కాలంల కాకులు యాడున్నయే" అంటూ కిందికి దిగి బిర్యానీకి కూర్చున్నారు. నేను తినకుండా వచ్చేశాను. నాకు కోపం ఎక్కువని ఇంట్లోవాళ్ళంటారు. ఎక్కువే. ఎనభై దాటినవాడికి కోపం కూడా లేకపోతే ఇంకేం ఉంటుంది? వచ్చి మంచం మీద వాలితే మనసు మాత్రం బోధన్ పోయింది, ఒక పరాయి దేశపు పిల్లవాడి దగ్గరికి.

అవి అరవయ్యో దశకం నడిమి యేండ్లు. చక్కెర ఫ్యాక్టరీ సీజన్ నడుస్తోంది. చందూరు నుంచీ వర్ని నుంచీ వచ్చిన చెరుకు బండ్లు ఊరి బయటిదాకా బారులు తీరి ఉండేవి. ఎడ్ల మెడల గంటలు, చలిమంటలు, వాటన్నిటి మీద, చక్కెర తీయగా మిగిలి పులిసిన మడ్డి వాసన. ఆ వాసన బట్టల్లోకి, అన్నంలోకి, నిద్రలోకి కూడా వచ్చేది. నేను చెరుకు తూచే కాటా దగ్గర బండ్లను వరుసలో నిలబెట్టే పనిలో ఉండేవాణ్ణి. బడి నన్ను రెండో తరగతిలోనే వెళ్ళగొట్టింది. మాదిగవాడ పిల్లలను గడప బయట కూర్చోబెట్టి, వానొచ్చినా లోపలికి రానివ్వని బడిని నేను మానేశానని చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఇంగ్లీషు మటుకు బెల్లం పొట్లాలకు చుట్టిన పాత పేపర్లలో, నిజామాబాద్ గంజి బజారులో కొన్న అట్టలేని నిఘంటువులో నేనే నేర్చుకున్నాను. ఆ ఇంగ్లీషే నన్ను వాళ్ళిద్దరికీ దుబాసీని చేసింది.

ఒక సోమవారం పొద్దున ఇద్దరు తెల్ల పిలగాండ్లు బస్సు దిగారు. తెల్ల చొక్కాలు, సన్నటి నల్ల టైలు, పాలిష్ చేసిన బూట్లు. ఒకడు తాటిచెట్టంత పొడుగు, ఇంకొకడు కళ్ళద్దాల పొట్టివాడు. మార్మన్లట. క్రీస్తును కొలిచేవాళ్ళలోనే ఒక తెగ. ఆ మతంలో పడుచువాళ్ళు రెండేండ్లు ఇల్లు విడిచి, పంపిన దేశం పోయి తమ మాట చెప్పి రావాలట. బోధన్‌లో వినేవాళ్ళున్నారో లేరో వారం రోజులు చూసి పోదామని హైదరాబాద్ నుంచి వచ్చారు. ఒకరినొకరు పేరుకు ముందు 'పెద్ద' అని చేర్చి పిలుచుకునేవారు. ఇద్దరి వయసూ కలిపినా నలభై దాటదు. సైకిల్ దుకాణం చాచా తన ఇంటి ముందరి గది వాళ్ళకు కిరాయికిచ్చాడు. తెల్లవారకముందే లేవడం, మోకాళ్ళ మీద ప్రార్థన, చదువు, చొక్కాలు ఉతుక్కోవడం, ఆ తరువాత ఇల్లిల్లూ తిరగడం. ఎక్కడికి పోయినా ఇద్దరూ కలిసే. ఒకడు పాయిఖానాకు పోతే రెండోవాడు బయట నిలబడేవాడు. చాచా పడీపడీ నవ్వేవాడు. "అరే భాయ్, గీ జోడెడ్లల్ల ఒక్కటి తప్పిపోతే రెండోది మేత ముట్టదు పో!"

సాయంత్రాలు మా వాడకు తీసుకుపోయేవాణ్ణి. చలికాలం, మంట చుట్టూ కూర్చుని మావాళ్ళు బుద్ధిగా వినేవారు. విన్నాక ఒక ముసలాయన అడిగాడు. "మంచిగనే జెప్తుండు గని, వీళ్ళ దేవుడు బంజరు భూమి పట్టా ఇప్పిస్తడా అడుగురా." నేను ఉన్నదున్నట్టు అడిగాను. పొడుగతను తనకు తెలియదన్నాడు. తెలియదని చెప్పిన మతప్రచారకుణ్ణి అంతకు ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు.

బుధవారం మా ఇంటికి వచ్చారు. హోటల్లో మాకు చాయ్ గ్లాసులు వేరే ఉండేవి. చూరు కింద పెట్టేవారు, తాగి మేమే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. అందుకే మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లికి, తెల్లవాళ్ళు తన ఇంట్లో చాయ్ తాగడం వాడంతా చూడాలని ఉండింది. పాలు తెప్పించి, అల్లం దంచి వేసి, కొత్త గ్లాసుల్లో పోసింది. పొడుగతను అందుకోలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకొని తల అడ్డంగా ఊపాడు. అవ్వ ముఖం మాడిపోయింది. "తెల్లోడైతేంది, నల్లోడైతేంది? మా ఇంటి చాయ్ ఎవ్వనికి దిగుతది?" అని గ్లాసులు లోపలికి తీసుకుపోయింది. నేను అతణ్ణి బయటికి లాక్కొచ్చి, నాకు వచ్చిన ఇంగ్లీషంతా కుమ్మరించాను. అతను ఎర్రబడిపోయాడు. తమ మతంలో చాయ్, కాఫీ ముట్టరనీ, తన తల్లి చేతి చాయ్ కూడా ఎన్నడూ తాగలేదనీ, అసలు ఆమె చెయ్యనే చెయ్యదనీ అన్నాడు. నేను నమ్మలేదు. చాచా వచ్చి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. "నా ఇంట్ల గూడ ముట్టలే భాయ్. మా బేగం ఇప్పటికీ అలిగే ఉంది."

మర్నాడు అడగకుండానే వచ్చాడు. నేరుగా మా నీళ్ళ కుండ దగ్గరికి పోయి అవ్వకు దోసిలి చూపించాడు. అవ్వ చుట్టూ చూసి, చెంబుతో ఇచ్చింది. గటగటా తాగి మళ్ళీ చాపాడు. "గింత పొడుగు బొండిగకు ఒక్క చెంబు యాడ సరిపోతది!" అని అవ్వ ఫక్కున నవ్వింది. ఆ రోజే గడపలో కూర్చుని చెప్పాడు. వాళ్ళ ఊళ్ళోనూ చక్కెర ఫ్యాక్టరీ ఉందట. చెరుకు కాదు, ఒక రకం దుంప నుంచి తీస్తారట. వాళ్ళ నాన్న ఆ దుంపలే పండిస్తాడట. బోధన్‌లో బస్సు దిగగానే గాలిలో ఇంటి వాసన తగిలిందన్నాడు. "గడ్డలకెళ్లి చక్కెరనా? వీడు మనల్ని ఎడ్డోళ్లను జేస్తుండు" అని వాడంతా నవ్వింది.

శనివారం పొద్దున టెలిగ్రాం వచ్చింది. గురువారం రాత్రి అతని తల్లి పోయింది. జబ్బుతో ఉందని అతనికి ముందే తెలుసట. పని ముగించుకునే రమ్మన్నది ఆమె చివరి మాట. పొడుగతను కాగితం మడిచి జేబులో పెట్టుకొని, వేళ కాగానే ఎప్పటిలాగే తిరగడానికి బయల్దేరాడు. ఏడవలేదు. సంగతి పొట్టివాడే నాకు చెప్పాడు. హోటల్ దగ్గర ఒకడు, "రాతిగుండె గాడు, తల్లి సచ్చినా టై ఊడదియ్యలే" అన్నాడు. నేను వాడి మీదికి పోబోతే చాచా పట్టుకున్నాడు. టై అందరికీ కనబడింది. టై వెనక చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడని ఎవరూ చూడలేదు.

అవ్వకు చెప్తే పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది.

"ఏడ్సిండా?"

"లేదే."

"పోతుండా?"

"పోడట. ఆమెనే రావద్దన్నదట."

"తల్లులు అట్లనే అంటరు. గా తల్లికి పిట్టకు ఎవలు పెడ్తరురా?"

"వాళ్ళల్ల గది లేదే అవ్వా."

"వాళ్ళల్ల లేకుంటే ఆమెకు ఆకలి గాదా?"

గురువారం పోతే మూడోనాడు శనివారమే, పొద్దెక్కింది, దాటిపోయిందని వాడ పెద్దమనుషులు తేల్చారు. అప్పుడు నా నిఘంటువు చదువంతా బయటికి తీశాను. భూమి గుండ్రంగా ఉంటుందనీ, వాళ్ళకు గురువారం రాత్రి అయితే మనకు శుక్రవారం తెల్లవారి ఉంటుందనీ, అందువల్ల మూడోనాడు ఆదివారమనీ వాదించాను. భూమి గుండ్రమంటే వాళ్ళెవరూ నమ్మలేదు. ఆ తల్లికి ఒక పూట దొరుకుతుందంటే మాత్రం ఒప్పుకున్నారు.

పొట్టివాడు సందేహించాడు, తమ మతంలో ఇటువంటివి లేవన్నాడు. పొడుగతను మాత్రం అవ్వ ముఖం చూసి, ఆమె అడిగింది కదా, వస్తానన్నాడు. మీ అవ్వకు ఏమిష్టమని అడిగితే, పాలల్లో తుంచి వేసుకున్న రొట్టె అన్నాడు. ఆదివారం బేకరీ రొట్టె, పాలు, మోదుగ విస్తరి తీసుకొని కాలువ గట్టుకు పోయాం. ఆ రోజు వాళ్ళకూ ఉపవాసమేనట. అవ్వ తానే ఇంటిమనిషిలా ఏమీ ముట్టలేదు. విస్తరి పెట్టి దూరంగా నిలబడ్డాం. మడ్డి గుంటల చుట్టూ ఎప్పుడూ కాకులే. ఆ పొద్దు ఒక్కటీ దిగలేదు. ఎండ ముదిరింది. పాలు మీగడ కట్టాయి.

"నీ మీదనే పానం కొట్టుకుంటుంది బిడ్డా. 'వస్తున్ననే అవ్వా' అని ఒక్క మాట జెప్పు" అంది అవ్వ.

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. పోవడం లేదు కదా, అమ్మకు అబద్ధం ఎట్లా చెప్తానన్నాడు.

"గింత మొండోన్ని ఎట్ల గన్నదో!" అని అవ్వ విసుక్కొని, విస్తరి వైపు తిరిగింది. "అక్కా, నీ కొడుకు రాడట. అబద్ధం గూడ ఆడడట, అట్ల పెంచినవు మరి. నేనేమియ్యాలె నీకు మాట? వాడు నా ఇంట్ల ఉండెటోడు గాదు. రేపు పొద్దుగాల బస్సెక్కుతడు. గీ ఒక్క పూట నా కొడుకే అనుకుంట. గంతే నాతోని అయితది."

అవ్వ ఏమందని అడిగాడు. నేను మాట పొల్లుపోకుండా చెప్పాను. అతను విస్తరి ముందుకు పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన భాషలో చిన్నగా, వేగంగా ఏదో చెప్పాడు. రావాలని ఉందనీ, రావడం లేదనీ మాత్రం నాకు అర్థమైంది. అంత పొడుగు మనిషి ముడుచుకొని గట్టు మీద పడిపోయి, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అవ్వ పక్కన చతికిలబడి తల ఒళ్ళోకి తీసుకుంది. పొట్టివాడు కళ్ళద్దాలు తీసి ఎటో చూస్తున్నాడు. మేమెవరం విస్తరి వైపు చూడలేదు. చూసేసరికి పాలు ఒలికి ఉన్నాయి, రొట్టె సగం లేదు. కాకో, కుక్కో, ఎవరూ చూడలేదు. "ముట్టింది" అంది అవ్వ.

సోమవారం వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. మా వాడలో ఒక్కరూ వాళ్ళ మతంలో కలవలేదు. ఆ పిల్లవాడు మిగిలిన దినాలు ఎక్కడ తిరిగాడో, ఇల్లు చేరినప్పుడు గడపలో ఎవరు ఎదురొచ్చారో నాకు తెలియదు. అవ్వ మాత్రం ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "ఎట్లుంటదో గా తల్లి" అని ఒక్కసారి అనుకుంది.

ఆ పొద్దు మా అవ్వకు నలభై కూడా నిండలేదు. పేరు తెలియని ఆ తల్లికి ఇంకో రెండు మూడేండ్లు ఎక్కువుంటాయేమో. ఇప్పుడు లెక్కేసుకుంటే ఇద్దరూ నాకు బిడ్డల ఈడువాళ్ళు. కాలం మనల్ని ముసలివాళ్ళను చేసి ఊరుకోదు. మన తల్లులను మనకంటే చిన్నవాళ్ళను చేస్తుంది, వాళ్ళను దగ్గరికి తీసుకొని ఓదార్చే వయసు మనకిస్తుంది, ఇచ్చేనాటికి వాళ్ళు ఉండరు.