ప్రతి ఒక్కరికీ ఒకసారి ముందు వరుస

మా డాన్సు మాస్టరు క్లాసు నడిపిన గదికి తాళం వేసింది ఆ బిల్డింగు ఓనరు. అప్పటికి మాస్టరు పోయి మూడు రోజులే. పోయిన మంగళవారం పొద్దున ఛాతీలో నొప్పి అంటే ఆయనను చేవెళ్ల నుంచి పట్నం దవాఖానకు కారులో తీసుకుపోతున్నారు. మొయినాబాద్ దాటకముందే ఊపిరి ఆగిపోయింది. శుక్రవారం సాయంత్రం ఏడుగురు అమ్మాయిలు ఆయన ఫొటోకు దండ వేద్దామని ఎరువుల దుకాణం పక్క మెట్లెక్కితే తలుపుకు కొత్త తాళం కనిపించింది. గోడంత అద్దం, స్పీకరు, మాస్టరు ఫొటో అన్నీ లోపలే. పిల్లలు దండ చేతిలో పట్టుకొనే దిగివచ్చారు.

నేను బస్టాండు పక్కన జిరాక్సు షాపులో పనిచేస్తాను. అచ్చుకు వచ్చిన కరపత్రాలు చదవడమే నా చదువు. రైతులవి, విద్యార్థులవి, ఎవరు ఏది తెచ్చినా ఒక కాపీ నాకు మిగులుతుంది. అందుకే మాస్టరును కూడా నాకు తెలిసిన ఈ కరపత్రం పద్ధతిలోనే తలుచుకుంటున్నాను. కోపంగానే రాస్తున్నాను. ఆయన ఉంటే “జర చాయ్ తాగి రాయరాదురా, అక్షరాలు గూడ వణుకుతున్నయ్” అనేవారు.

చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఏ స్కూలు వార్షికోత్సవానికి పోయినా స్టేజీ వెనక తువ్వాల నడుముకు బిగించుకొని కనిపించే మనిషి ఆయన. యాభై దాటినా మెట్లు రెండేసి ఎక్కేవారు. మిగతా మాస్టర్లు ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు లెక్కపెడతారు. ఈయన పట్నం నుంచి వచ్చే బస్సు స్టాపులు లెక్కపెట్టేవారు. “లంగర్‌హౌస్, అప్పా జంక్షన్, అజీజ్‌నగర్, హిమాయత్‌నగర్, మొయినాబాద్, కనకమామిడి, ముడిమ్యాల, చేవెళ్ల!” చేవెళ్ల దగ్గర కాలు నేల మీద పడాలి. తప్పిన పిల్లను తిట్టడమంటే, “ఏం బిడ్డా, కనకమామిడి కాడ దిగి చాయ్ తాగినవా?” అనడమే. ఆ పిల్ల నవ్వుకుంటూనే దారిలో పడేది.

కొరియా పాటలను ఆయన దగ్గరికి తెచ్చింది పిల్లలే. ఇంటర్ చదివే ఒకమ్మాయి ఫోనులో ఎనిమిదిమంది కొరియా అమ్మాయిల డాన్సు చూపించింది. ఆయన నాలుగుసార్లు చూశారట. ఐదోసారి ఫోనును గోడకు ఆనించి, కింద కూచొని, ఎవరు ఎటు పోతున్నారో నేల మీద వేలితో గీశారు.

“మన బతుకమ్మల ముందు వరుసే ఉండదు. సినిమాల ఉంటది, కని అది మారదు. వీళ్లను చూడుర్రి. పాట లైను లైనుకు జాగ మారుతున్నరు. ప్రతి పిల్ల ఒక్కపారి ముందటికొచ్చి పోతున్నది.”

ఆ సంగతి ఆయనకు ఎందుకంత ముఖ్యమో నాకు తర్వాత తెలిసింది. వయసులో ఉన్నప్పుడు సినిమాల్లో డాన్సు చేస్తానని పట్నం పోయారు. కొన్నేళ్లు వెనక వరుసలో చేశారు. ఒక పాటలో తాను ఉన్నానని పిల్లలకు చూపించేవారు. హీరో చెయ్యి పైకెత్తినప్పుడు ఆ చంక సందులోంచి రెప్పపాటు కనిపించే ఎర్ర చొక్కా ఆయనది. “పట్నం నన్ను చూడలే. నేనైతే పట్నాన్ని మంచిగ చూసిన. మల్ల బస్సెక్కిన” అని నవ్వేవారు.

అందుకేనేమో, కొరియా గ్రూపులు అమెరికాలో పేరు తెచ్చుకోవాలని పడే పాట్లు ఆయనకు ఎక్కడో దూరదేశపు ముచ్చటలా అనిపించలేదు. స్టేడియాలు నిండిన వీడియోలు పిల్లలు చూపిస్తే పక్కకు జరిపేవారు. “గెలిసినంక ఎవడన్న చూస్తడు. మొదలు పోయిననాటియి చూపియ్యి” అని పాతవి వెతికించేవారు. సొంత దేశంలో వీధిలో నడవలేనంత పేరున్న అమ్మాయిలు అమెరికా పోయి ఇంకెవరిదో కచేరీకి ముందు పాడుతున్నారు. జనం అప్పుడే లోపలికి వస్తూ సీట్లు వెతుక్కుంటున్నారు. పాట నోరు తిరగని ఇంగ్లీషులో. టీవీవాళ్లు పాట సంగతి వదిలేసి ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతున్నారు. మాస్టరు వీడియో ఆపి, చివరన ఉన్న అమ్మాయి మీద వేలు పెట్టేవారు.

“ఈ పిల్లను ఎవలు చూస్తున్నరు? ఎవ్వలు చూస్తలేరు. మరి చెయ్యి సగంల ఆపిందా? పూర లేపింది చూడు.”

ఆ తర్వాత సొంత భాషలోనే పాడుకుంటూ పోయిన గ్రూపుల్లో కొన్నింటి వెంట అక్కడి జనం పడ్డారు. ఎన్నో గ్రూపులు మాత్రం ఎవరికీ గుర్తు లేకుండా తిరిగివచ్చాయి. క్లాసు మొదలయ్యే ముందు ఒళ్లు వదులు చేసుకోవడానికి మాస్టరు పెట్టేవి ఆ తిరిగివచ్చినవాళ్ల పాటలే.

నాకు ఇదంతా ఒళ్లుమంట. ఒకరోజు ఆయన ఆధార్ కార్డు జిరాక్సుకు వస్తే షాపులోనే నిలదీశాను.

“సార్, వాళ్లేమో అమెరికాకు అమ్ముడువోతున్నరు. మీరేమో మన పిల్లలను వాళ్లకు అప్పజెప్తున్నరు. గిది సాంస్కృతిక దోపిడీ గాదా?”

“దోపిడీనా? నువ్వు చదివే కరపత్రాలల్ల మాటలు ఏ ఊర్ల పుట్టినయ్‌రా? చేవెళ్లలనా, చిల్కూరులనా?”

“అవి ప్రజల కోసం పుట్టినయ్ సార్.”

“మరి ఈ పాటలు గొడ్ల కోసం పుట్టినయా?”

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. అక్కడి కంపెనీలు చిన్న పిల్లలను ఏళ్లతరబడి తయారుచేసే తీరు, వాళ్ల తిండిని కూడా కొలిచి పెట్టే తీరు, చదివిందంతా ఏకరువు పెట్టాను. ఆయన నవ్వు ఆపారు. “గది తప్పే. పచ్చి తప్పు. నా క్లాసుల బరువు తూసే మిషిను లేదు. మిర్చిబజ్జీలున్నయ్, వచ్చి తిను” అన్నారు. వాదించకుండా ఒప్పుకున్నందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ చలికాలంలోనే మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూలు వార్షికోత్సవానికి మాస్టరు ఎనిమిదిమంది అమ్మాయిలతో కొరియా డాన్సు వేయించారు. అందులో ఒకమ్మాయి ఈ బిల్డింగు ఓనరు కూతురు. ఓనరు భూములున్న ఇంటివాడు, పార్టీ పనుల్లో తిరిగేవాడు. ముందు సోఫాలో కూచున్నాడు. పాట మొదలైంది. పాట మొదటి లైనులో కూతురు చివరి వరుసలో ఉంది. అంతే, లేచి స్టేజీ ఎక్కాడు.

“నా బిడ్డ ఎనకెందుకున్నది?”

మాస్టరు పక్క తెర దగ్గర నుంచి చేతులు జోడించారు. “అన్నా, ఒక్క నిమిషమాగు. ముందటికొస్తది.”

“నిమిషమెందుకాగాలె? ఆమె ఎవరి బిడ్డ?”

కూతురి రెక్క పట్టుకొని తెచ్చి ముందు నిలబెట్టాడు. మళ్లీ వెనక్కి పంపుతారేమోనని తానూ పక్కనే నిలుచున్నాడు. పాట ఆగలేదు. తెల్లచొక్కా, తెల్లప్యాంటులో ఉన్న ఆయనను కరెంటు స్తంభంలా మధ్యలో వదిలేసి, మిగతా ఏడుగురూ చుట్టూ జాగాలు మారుతూ పాట పూర్తిచేశారు. అది ముందే అనుకున్న హాస్యం అనుకొని జనం ఈలలు వేశారు. మరునాడు ఫోన్లలో తిరిగిన వీడియోలో అందరూ చూసి నవ్వింది ఆ స్తంభాన్నే. ఓనరు అది మరిచిపోలేదు.

అయితే ఆయన చేతికి ఆయుధం ఇచ్చింది నేను. నెల తిరగకముందే కొరియా మోజు మీద ఒక కరపత్రం రాసి, షాపులోనే అచ్చుతీసి బస్టాండు గోడలకు అంటించాను. అమెరికా గడప ముందు కొరియా నిలబడిందని, కొరియా గడప ముందు మన బిడ్డలను నిలబెడుతున్నారని రాశాను. ‘ఈ ఎగురుళ్లు మన సంస్కృతి కాదు’ అని చివర్లో పెద్ద అక్షరాలు. ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కి చూడకుండా రాశాను. వారంలో ముగ్గురు అమ్మాయిలను ఇంటివాళ్లు మాన్పించారు. ఓనరు కూతురు అందులో ఒకతె.

మాస్టరు షాపుకు వచ్చారు. కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“ఇంక ఏమన్న మిగిలినయారా?”

“ఏంటియి సార్?”

“నీ కరపత్రాలు. ఎనక తెల్లగున్నది. ఏ పిల్ల ఎటు మారాల్నో బొమ్మలు గీసిస్త.”

ఉన్న కట్టంతా ఇచ్చాను. గుమ్మం దాటుతూ ఆగారు. “మంచిగ రాస్తవ్‌రా. ఒక్కపారి చూసి రాయి.”

మరునాడు పోయాను. ఐదుగురు అమ్మాయిలు చేస్తున్నారు. కానీ ఎనిమిదిమందికి గీసిన బొమ్మ ప్రకారమే. లేని ముగ్గురికి దారి ఇస్తూ పక్కకు జరుగుతున్నారు. ఐదుగురికి సరిపోయేలా మార్చుకోవచ్చు కదా సార్ అన్నాను. “మారిస్తె వాళ్లు ఇగ రారని మనమే చెప్పినట్టు” అన్నారు. ఆ మరునాటి నుంచి మానిపించినవాళ్ల ఇళ్లకు ఆయనతో పాటు నేనూ తిరిగాను. చిన్న మంగళారంలో ఒక అమ్మాయి నాయనమ్మ గడపలో కూచొని అడిగింది:

“గా అమెరికావోళ్లు కొరియా పిల్లలను మెచ్చుకుంటె నా మనుమరాలికి ఏమొస్తది సారూ?”

“ఏం రాదవ్వా. కని నీ మనుమరాలు పది మంది ముందటికి వస్తది. బెదురు పోతది.”

“ఎన్ని దినాలకు పోతది?”

“నాకు ఇంక పోలే అవ్వా. ఆమెకు జల్ది పోతదేమో.”

అవ్వ నవ్వింది. ఆ పిల్లా, ఇంకొక పిల్లా తిరిగివచ్చారు. ఓనరు ఇంటికి కూడా పోదామని మాస్టరు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ షాపులో పనుందన్నాను. పని లేదు. భయం. రాసింది తప్పని గోడ మీద మళ్లీ అంటించనూ లేదు. గట్టిగా అరిచేవాడికి ధైర్యం ఉంటుందనుకునేవాళ్లు నన్ను చూసి ఆ మాట మార్చుకోండి.

ఇప్పుడు సంగతి ఇది. పట్నంలో జరిగే పోటీకి ఈ పిల్లలను ఎంపిక చేశారు. ఇంక రెండు వారాలే ఉంది. ఒకరినొకరు చూసుకుంటూ జాగాలు మార్చుకునే డాన్సుకు అద్దం కావాలి, చోటు కావాలి. ఏ పిల్ల ఇంట్లోనూ అంత చోటు లేదు. ఆ గది తెరుచుకోకపోతే పోటీ మానుకోవడమే. మాస్టరు నేర్పింది ఆ ఏడుగురి ఒంట్లోనే ఆగిపోతుంది.

శనివారం పొద్దున ఓనరు ఇంటికి పోయాను. మాస్టరు పిలిచినప్పుడు పోనివాణ్ణి, ఆయన పోయాక ఒక్కణ్ణే పోయాను. ఆ గదిని ప్లాట్ల ఆఫీసుకు ఇస్తున్నానని, బోర్డు కూడా రాయిస్తున్నానని ఓనరు చెప్పాడు.

“అన్నా, రెండు వారాలాగు. పిల్లల పోటీ అయిపోనియ్యి.”

ఆయన లోపలికి పోయి, మడత పెట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. “నువ్వు రాసిందే గదా? సదువు. గట్టిగ సదువు.”

నా కరపత్రమే. చివరి వాక్యం కింద ఎర్ర గీత.

“తప్పు రాసిన అన్నా.”

“అప్పుడు తప్పు రాసినవా, ఇప్పుడు తప్పు చెప్తున్నవా? నేనైతే అచ్చుల ఉన్నదే నమ్మిన.”

నా మాటే నా దారికి అడ్డం నిలబడింది. అప్పుడు తలుపు చాటు నుంచి ఆయన కూతురు మాట్లాడింది. గట్టిగా కాదు.

“బాపు, నేను ముందటికొచ్చే లైను దాక నువ్వు ఆగనే లేదు.”

ఆయన వెనక్కి తిరగలేదు. “లోపటికి పో” అన్నాడు. కానీ నన్ను పొమ్మనడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

నేను రాసిన తప్పు నాది. అది అచ్చులోనే చేశాను కాబట్టి అచ్చులోనే ఒప్పుకుంటున్నాను. మాస్టరు పాడె మీది పూలు వాడకముందే తాళం వేసిన తప్పు ఓనరుది. అది ఆయన ఒప్పుకోవాలి. తాళం పగలగొట్టం. తాళంచెవి అడుగుతాం. వచ్చే ఆదివారం సాయంత్రం ఎరువుల దుకాణం ముందు పిల్లలు ఒక్కటే పాటను, తాళం తీసేదాకా మళ్లీ మళ్లీ చేస్తారు. నినాదాలు ఉండవు. “అన్నా, నువ్వు మాత్రం మైకు వట్టకు” అని నాకు ముందే గట్టిగా చెప్పారు. సరేనన్నాను.

నిన్న ఆదివారం దుకాణం మూసి ఉన్నప్పుడు ఒకసారి చేసి చూసుకున్నారు. సిమెంటు నేల కాలుతుంటే రెండు బిందెల నీళ్లు చల్లుకున్నారు. చెప్పులు ఎక్కడ విడవాలో ఎవరూ చెప్పలేదు. అలవాటు ప్రకారం ఒక్కొక్కరూ మెట్ల మీదే విడిచారు. కింది నుంచి మెట్టుకొక జత, ఏడు జతలు, మూసిన తలుపు వైపు తిరిగి ఉన్నాయి. పైన ఇంకా మెట్లు ఖాళీగా ఉన్నాయి. రండి, వచ్చే ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు.