హాల్లో అందరి మెయిళ్ళూ

ఆ ఇంట్లో ఎవరికి మెయిల్ వచ్చినా ముందది చిన్నకోడలి బావగారి కళ్ళజోడు ముందుకు రావాల్సిందే. హాల్లో కంప్యూటర్ పెట్టిన రోజే ఆయన అందులో మెయిల్ ప్రోగ్రామ్ ఎక్కించి, ఇంటిల్లిపాది అకౌంట్లూ దానికి తగిలించారు. పొద్దున్నే అందరూ టీ తాగుతుంటే బ్యాంకు వాళ్ళ పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా వార్తలు చదివినట్టు చదివేవారు. పెద్దరికమంటే అదేనని పాపం ఆయన నమ్మకం. పిల్లి మెడలో గంట కట్టేదెవరని మిగతావాళ్ళు నోరు మూసుకున్నారు.

చిన్నకోడలు బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరిస్తుంది. ఊరి అవతల పెద్ద ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్ ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసి దరఖాస్తు పెట్టింది. ఆ కుర్చీ కోసం ఎన్నేళ్ళుగా ఆశపడిందో ఆమెకే తెలుసు. పని మధ్యలో ఫోన్లో వెబ్‌మెయిల్ తెరిచి చూసుకునేది. ఎప్పుడు చూసినా ఖాళీయే.

ఉండబట్టలేక ఆ ఫ్యాక్టరీకే ఫోన్ చేసింది.

"ఇంటర్వ్యూకి రమ్మంటే వీలుపడదని మీరే రాశారు కదమ్మా!" అన్నారు అవతల.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, తిన్నగా బావగారి కుర్చీలో కూర్చుంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ ప్రోగ్రామ్ వచ్చిన మెయిల్ వచ్చినట్టే ఈ కంప్యూటర్లోకి లాగేసుకుని, నెట్‌లో ఏమీ మిగల్చడం లేదు. ఇక ఫోన్లో ఏం కనిపిస్తుంది? ఆమె పేరుతో వెళ్ళిన జవాబు కూడా అందులోనే ఉంది.

"ఇది రాసింది మీరేనా బావగారూ?"

"నేనేనమ్మా. అంత దూరం బస్సుల్లో నలిగిపోతావని. నీ మంచికే."

"నా మంచేదో నన్నడిగితే చెప్పేదాన్ని కదా!"

కంచే చేను మేస్తే ఎవరితో మొరపెట్టుకోవాలి? ఆమె ఎవరితోనూ మొరపెట్టుకోలేదు. పాస్‌వర్డ్ మార్చేసి, ప్రోగ్రామ్ లోంచి తన అకౌంట్ తీసేయబోయింది.

బావగారు కంగారుపడ్డారు. "తీసేస్తే పాత మెయిళ్ళన్నీ పోతాయమ్మా!"

"పోనివ్వండి. అన్నీ మీరు చదివినవే కదా."

"వెబ్‌మెయిల్‌కి నెట్ లేకపోతే అంతే సంగతులు. ఇక్కడైతే భద్రంగా ఉంటాయి."

"భద్రంగానే ఉన్నాయి. నాకే దొరకలేదు."

భర్త మధ్యలోకి వచ్చాడు. "ఇంత రాద్ధాంతం దేనికి? పాస్‌వర్డ్ నాకన్నా చెప్పు."

"మీక్కూడా చెప్పను."

అకౌంట్ తీసేసి, అక్కడే కూర్చుని ఫోన్లోంచి ఆ ఫ్యాక్టరీకి రాసింది: "మొదట వచ్చిన జవాబు నాది కాదు. నేను వస్తాను."

మర్నాడు కత్తిరింపు బల్ల దగ్గరుండగానే జవాబొచ్చింది. ఆమె మెయిల్‌ను ఆమే ముందు చదువుకుంది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చింది. బావగారే ముందు పలకరించారు.

"వాళ్ళేమన్నా రాశారా అమ్మా?"

ఆయన అడిగి తెలుసుకోవడం ఇదే మొదలు.

"సోమవారం రమ్మన్నారు. వెళ్తున్నాను బావగారూ."