బొటనవేలితో సరిపెట్టిన పాఠాలు

అత్త పోయిందన్న కబురు ఆమె ఫోన్ నుంచే వచ్చింది. గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్ల మీద, జనం తోపులాటలో ఫోన్ తీశాను. మా చదువుల వాట్సాప్ గ్రూపులో ఆమె పేరు మీద ఒక వాయిస్ మెసేజ్. రోజూ వచ్చే పాఠమే అనుకుని, వినకుండానే బొటనవేలి గుర్తు నొక్కి రైలెక్కాను. నాలాగే మరో పదకొండు మంది నొక్కారు. తీరా వింటే అది ఆమె భర్త గొంతు: "మీ అత్త పొద్దున పోయింది బిడ్డా. గుండె ఆగిందన్నరు."

ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. కామాటిపురలో మేముండే వరస గదుల చాల్‌లో, గ్యాలరీకి చివరి గది ఆమెది. ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, డిగ్రీలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య నలిగే మాలాంటి వాళ్ళను పోగేసి గ్రూపు పెట్టింది. ముందు తను పాఠం చదువుకుని, కుక్కర్ కూతల మధ్యే తెలుగులో చెప్పి పంపేది. షరతు ఒక్కటే: విన్నవాళ్ళు అదే పాఠాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పి పంపాలి. పూల బొమ్మల గుడ్ మార్నింగులు కనిపిస్తే తీసి పారేసేది.

నేనేమో నోరు విప్పడానికి బిడియపడి అన్నిటికీ బొటనవేలే పెట్టేదాన్ని. ఒకరోజు నల్లా దగ్గర దొరికిపోయాను.

"ఏం పిల్లా, మీ తాత బిల్డింగులు కట్టెటోడు, చదువు లేక ఏలిముద్ర ఏసిండు. నువ్వు డిగ్రీ చదువుకుంట సుత ఏలే సూపెడ్తవా?"

"అర్థమైంది అత్తా, అందుకే పెట్టిన."

"అర్థమైతే చెప్పు మరి. నోరు తిరిగితేనే చెయ్యి తిరుగుతది."

బిందె నిండి పొర్లిపోతుంటే దాని అంచే తుడుస్తూ నిలబడ్డాను. ఆమె నవ్వి నల్లా కట్టేసింది.

ఎకనామిక్స్ రెండుసార్లు తప్పాను. సోమవారం మూడోసారి రాయాలి. ఇదీ పోతే చదువు మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చోమని అమ్మ తేల్చి చెప్పింది. అందుకే పోయిన వారం అత్త నాకోసమే ఒక ప్రశ్న పంపింది: "ఉల్లిగడ్డ పిరమైతే తక్కువ కొంటం. ఉప్పు పిరమైతే కూరల ఉప్పు తగ్గిస్తమా? ఎందుకో నువ్వే చెప్పాలె."

దానికీ వేలే పెట్టాను. "ఆ పిల్ల చెప్పిందా?" అని రెండు రోజులు అడిగిందట. ఆమె భర్తను మామ అంటాం, ఆయనే చెప్పాడు. ఇన్ని పాఠాలు చెప్పించుకుని ఒక్కసారైనా ఆమెకు నా గొంతు వినిపించలేదు. ఎంత ఏడ్చినా ఆ వెలితి తీరడం లేదు.

నిన్న సాయంత్రం గ్యాలరీలో అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి జవాబు చెప్పి గ్రూపులో పెట్టాను. మరుక్షణం చివరి గదిలో ఆమె ఫోన్ మోగింది. మామకు చదవడం రాదు. ఆ ఫోన్‌కు వచ్చినవన్నీ నొక్కి వింటున్నాడు. ఆమె గదిలోంచి నా గొంతు నాకే వినిపించింది. ఉప్పు అనాల్సిన చోట ఉల్లిగడ్డ అన్నానని అప్పుడు తెలిసింది.

దిద్ది, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. చివరి గదిలో ఫోన్ మళ్ళీ మోగింది.