మచ్చ పోయిన పటం

నేలను సుత్తితో కొట్టి, లోపలి నుంచి తిరిగొచ్చే ప్రకంపనలతో భూగర్భానికి పటం గీయడం నా ఉద్యోగం. దొడ్డబళ్ళాపురం రైతు మునిరాజన్న మల్బరీ తోటకి పోయిన వారం అలా గీస్తే, బండల మధ్య ఒక నల్లటి మచ్చ కనబడింది. నీళ్ళున్న పగులేమో అన్నాను.

తరువాత ప్రకంపనల ప్రయాణ కాలాలు సరిచేసి, అన్నింటినీ మళ్ళీ ఒకదానిపై ఒకటి పేర్చాను. అడ్డొచ్చే రొద పోయి పటం తేటగా వచ్చింది. దాంతోపాటు మచ్చ కూడా పోయింది. కింద ఉన్నది ఒట్టి బండ.

ఈ రోజు ఆయన వైట్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసుకే వచ్చాడు. కొత్త పటం చూపించాను.

“ఆ మచ్చ యాడికి పాయెప్పా?”

“అది మచ్చ కాదన్నా, మా లెక్కలో తప్పు. ఇప్పుడు సరిచేసినా.”

కొత్త పటాన్ని నా వైపు నెట్టాడు. “దీన్ని తీస్కొని పోయి ఇంట్లో ఏమని చూపియ్యల్ల? ఆ తప్పుదే ఇయ్యప్పా.”

వద్దంటున్నా బల్ల మీదున్న పాత పటాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇందాకే ఫోన్ చేశాడు. బోరు బండికి చెప్పేశాడట, మచ్చ ఉన్నచోటే వేయిస్తాడట. ఎంత మొత్తుకున్నా వినలేదు.

పటం అద్భుతంగా వచ్చిందని మా మేనేజరు ఆఫీసు గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టాడు. ఈ పోస్టు చదివే మీరు లైకులు కొట్టకండి. ఆయన్ని ఆపే మాట ఒక్కటి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.