శ్రమకాలంలో బొటనవేలు

ఈస్టరు ముందు శ్రమకాలంలో మా ఇంట్లో నీచు వండరు. పగలంతా ఉపవాసం. మంచినీళ్లు కూడా సాయంత్రం ప్రార్థన అయ్యాకే. చిలకలూరిపేట ఎండల్లో అది మామూలు సంగతి కాదు. నియమం మా ఆవిడది. ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, నేను ఇంట్లో సభ్యుణ్ణి.

ఒక తెల్లవారుజామున కుడికాలి బొటనవేలు నన్ను నిద్రలేపింది. వాచి, పండు మిరపకాయలా ఎర్రగా నిగనిగలాడుతోంది. దుప్పటి తగిలితే ప్రాణం పోతోంది. ఫ్యాను గాలిని కూడా ఓర్చుకోవడం లేదు.

డాక్టరు నా కాలిని తలుపు దగ్గరే చూశాడు.

"గౌటండీ మాస్టారూ, ఒక రకం కీళ్లవాతం. మటన్ గట్టిగా లాగిస్తున్నారా?"

మా ఆవిడ నా వెనకే ఉంది. మొదట ఇలా వచ్చి పోతుందనీ, తర్వాత మళ్లీ మళ్లీ వస్తుందనీ, పట్టించుకోకపోతే కీళ్ల దగ్గర సున్నపు గడ్డల్లా పేరుకుంటుందనీ డాక్టరు చెప్పుకుపోయాడు. ఆవిడకి ఇవేవీ వినపడలేదు.

"ఎక్కడ తిన్నారు?" అంది ఆటో ఎక్కాక.

"నీ మీద ఒట్టు, ముట్టలేదే."

"ఈ దినాల్లో ఒట్లు కూడానా?"

ఆదివారం సంఘమంతా నా కాలి కోసం ప్రార్థన చేసింది. తోటి సంఘపెద్ద ఒకాయన నన్ను మాంసం ఆశ అనే శోధన నుంచి తప్పించమని కూడా వేడుకున్నాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా ఆవిడే. నాకు ఒళ్లు మండింది.

వారానికి వాపు దిగింది, వేలి మీద తోలు పొట్టులా ఊడింది. నొప్పి జాడ లేదు. అనుమానం మాత్రం అలాగే ఉంది. బడి వదిలేసరికి ఆవిడ గేటు దగ్గర నిలబడేది. ఇంటికెళ్లాక చొక్కా వాసన చూసేది.

ఇంత కాపలాలోనూ, ఈస్టరు ముందు మంగళవారం వేలు మళ్లీ వాచింది. ఈసారి డాక్టరు నీళ్ల గురించి అడిగాడు. చెప్పాను.

"ఈ ఎండల్లో పగలంతా నీళ్లు లేకుండానా? అలా ఉపవాసాలున్నా వస్తుందండీ ఇది."

బయటికి రాగానే ఆవిడ నీళ్ల సీసా కొని నా చేతిలో పెట్టింది.

గురువారం సాయంత్రం చర్చిలో సంఘపెద్దల కాళ్లు కడిగే ఆచారం. పాస్టరుగారు పళ్లెం, చెంబు పట్టుకుని నా ముందుకొచ్చి, వంగి కుడికాలు అందుకోబోయారు. ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఆ కాలు ముట్టుకోకండి. ఆయనేం తినలేదు. నేనే నీళ్లు తాగనివ్వలేదు."

చర్చి అంతా విన్నది. నాకు ఏడుపు ఆగలేదు. పాస్టరుగారు కంగారుపడి, "తగిలిందాండీ?" అంటూ చెంబు కింద పెట్టేశారు.