పాప మిగిల్చిన ముద్దలు

బాలశౌరి రంగేసిన లారీ ఎదురైతే గేదెలు కూడా పక్కకు తప్పుకొని నిలబడి చూస్తాయని ఆటోనగర్‌లో ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించినవాడు కూడా బాలశౌరే. ఎనిమిదో తరగతిలో బడికో దణ్ణం పెట్టేసి బ్రష్షు పట్టాడు. తను గీసిన నెమలిని చూసి నిజం నెమలొకటి లారీ వెంట కంకిపాడు దాకా పరుగెత్తిందని ప్రమాణం చేసి చెప్పేవాడు.

"మరి తర్వాతేమైంది?" అంటే, "డీజిలు పొగకి దగ్గొచ్చి ఆగిపోయింది పాపం" అనేవాడు.

ఇంత నోరున్నవాడూ పొద్దున పూట ఒక్క నిమిషం గమ్మున ఉండేవాడు. గుణదలలోని ఇంటి గుమ్మంలో కూతురు జెస్సికాను వెలుతురుకు నిలబెట్టి, కింది కనురెప్ప మెల్లగా లాగి, కంటి తెలుపు చూసేవాడు. పసుపులో ఎన్ని ఛాయలుంటాయో లారీలకు రంగులు కలిపేవాడికి వేరే చెప్పాలా?

"ఇయ్యాల ఏ డబ్బా నాన్నా?" అనేది పిల్ల.

"వైటు. షోరూం వైటు. పో, జడేయించుకో."

జెస్సికా పుట్టి నెల దాటినా కామెర్లు పోలేదు. దొడ్డికి సుద్దలా తెల్లగా వెళ్ళేది. కాలేయం నుంచి పైత్యరసం దిగే గొట్టాలు పూడుకుపోయాయని డాక్టర్లు తేల్చి, రెండు నెలల పసిగుడ్డు పొట్ట కోసి, పేగును పైకి తెచ్చి నేరుగా కాలేయానికే కుట్టారు. ఆ దారి ఎన్నేళ్ళు తెరుచుకొని ఉంటుందో చెప్పలేమన్నారు. జ్వరమొస్తే మాత్రేసి చూద్దామనుకోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఉబ్బిన పొట్టకు దెబ్బ తగలకూడదు కాబట్టి ఖోఖో లేదు, సైకిలు లేదు. విటమిన్ చుక్కలు ఒక్కపూటా మానకూడదు. తిన్నదాంట్లో సగమే ఒంటికి పడుతుంది గనుక తోటి పిల్లలకంటే బలంగా తినాలి.

వినీల, అంటే బాలశౌరి భార్య, నెయ్యి ఓడేటట్టు పప్పన్నం కలిపేది. డాక్టరు రాసిన నూనె పోసి జావ కాచేది. పిల్ల నాలుగు ముద్దలు తిని మొహం తిప్పేసేది. మిగిలిందంతా బాలశౌరి తినేసేవాడు.

"పారబోస్తే పిల్ల ఒంట్లోది పారబోసినట్టుంటది వినీలా, మనసొప్పదు" అనేవాడు.

అలా పూటపూటా తినీ తినీ పొట్ట పెంచాడు. "నాన్నా, తమ్ముడెప్పుడు పుడతాడు?" అని జెస్సికా ఆ పొట్ట మీద దరువేసేది.

"వాడు రానంటున్నాడే. లోపల అద్దె లేదంట, కరెంటు బిల్లు లేదంట."

జెస్సికాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒకనాటి పొద్దున కనురెప్ప లాగి చూసి, "షోరూం వైటే" అన్నాడు. అని పెరట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చాడు.

కాలేయం గట్టిపడిపోయిందనీ, ఇక మార్చాల్సిందేననీ డాక్టరు చెప్పాడు. ఇంట్లోవాళ్ళెవరైనా తమ కాలేయంలో ఒక ముక్క ఇవ్వాలి. ఇచ్చినవాళ్ళది మళ్ళీ పెరుగుతుంది. వినీల రక్తం గ్రూపు కలవలేదు. బాలశౌరి గుండె మీద చరుచుకున్నాడు.

"నాది తీసుకోండి సార్. రాళ్ళు తిని అరిగించుకున్న లివరు."

స్కానింగ్ అయ్యాక డాక్టరు పెదవి విరిచాడు. "దీన్నిండా కొవ్వుందండీ. ఇది పెడితే పాపకు పనిచెయ్యదు, మీకూ ప్రమాదమే."

"నేను మందు ముట్టనండీ! మేరీమాత మీదొట్టు!"

"తిండి వల్ల కూడా వస్తుంది. నెయ్యి, నూనె బాగా తింటారా?"

వినీల మొగుడి వంక చూసింది. బాలశౌరి నేల వంక చూశాడు. ఇన్నేళ్ళ నెయ్యన్నం ఎక్కడికి చేరిందో ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

మూడు నెలలు గడువిచ్చాడు డాక్టరు. బాలశౌరి రాగిజావకూ మజ్జిగకూ దిగాడు. తెల్లారగానే గుణదల కొండ ఎక్కి దిగేవాడు. పక్క షెడ్డు మెకానిక్కు ఏసుపాదం ఊరుకుంటాడా?

"ఏంటి బావా, నువ్వు చొక్కా తొడుక్కున్నావా, చొక్కాయే నిన్ను తొడుక్కుందా?"

"హీరోకి డూపు కావాలన్నార్లే బావా. బాడీ కొలతలు తగ్గించుకోమన్నారు."

జెస్సికాకు మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయింది. తన కంచం నాన్న ముట్టుకోవటం లేదు. ఆ పిల్ల ఆఖరి మెతుకు దాకా తానే తినటం మొదలుపెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ముద్ద మీద ముద్ద మింగి, కంచం ఎత్తి చూపించేది.

"చూడు నాన్నా, ఖాళీ! నీకేం మిగల్చలా."

కాసేపటికే అంతా కక్కుకునేది. బాలశౌరి వీపు రాస్తూ, "ఎందుకమ్మా అంత తొందర" అనేవాడు.

గడువు తీరాక మళ్ళీ స్కానింగ్ తీశారు. కొవ్వు కరిగిపోయింది. డాక్టరు చెయ్యి కలిపి, ఆపరేషనుకు రోజు చెప్పాడు. బాలశౌరి ఆటోనగర్‌కు పరుగున వెళ్ళి ఏసుపాదానికి ఉన్నదున్నట్టు చెప్పాడు. "లివరు అద్దంలా ఉందన్నారు బావా! మా పిల్లకిస్తన్నా!"

"అయితే అందులో చూసుకుని క్రాపు దువ్వుకో" అన్నాడు ఏసుపాదం. నమ్మలేదు.

ఆ వారంలోనే జెస్సికాకు చలిజ్వరం వచ్చింది. ఒళ్ళు వేడెక్కటం ఆలస్యం, ఆస్పత్రిలో ఉన్నారు. ఎప్పటిలాగే పరుగెత్తారు, ఎక్కడా ఆగలేదు. అయినా కాలేయంలో పట్టిన చీము రక్తంలోకి ఎక్కింది. ఐసీయూలో పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని ఉండగానే కన్నుమూసింది.

వరండాలో బల్ల మీద మైలవరం నుంచి వచ్చిన ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన కొడుక్కీ ఇదే జబ్బు, ఇచ్చేవాళ్ళు లేరు. బాలశౌరి డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, ఆ బాబుకు పెట్టండి. బాగు చేసుకున్నాను కద సార్. ఇప్పుడిది నాకెందుకు?"

"చట్టం ఒప్పుకోదు బాలశౌరిగారూ. దగ్గర బంధువులే ఇవ్వాలి."

"బంధువునే అని రాసుకోండి. బాబాయినని చెప్తా, మేనమామనని చెప్తా. నెమళ్ళు లారీల వెంట పరుగెత్తాయంటే ఊరంతా నవ్వింది, ఈ ఒక్క అబద్ధం నమ్మలేరా సార్?"

డాక్టరు చెయ్యి విడిపించుకోలేదు, తల అడ్డంగా ఊపాడు. బల్ల మీది మైలవరం ఆయన లేచి వచ్చి బాలశౌరి భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

లోపల్నుంచి వినీల పిలిచింది. "ఏవయ్యా, రా. పిల్లకి గౌను మార్చాలి, కాస్త ఎత్తి పట్టుకో."

బాలశౌరి వెళ్ళి కూతుర్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.