"ఏం లేదు" అన్నావు కదా పద్మా

నిన్న పొద్దున ఆఫీసుకు వెళ్తూ ట్రైన్‌లో ఉండగా మూర్తి గారి మెసేజ్ వచ్చింది. "పద్మజ ఈజ్ నో మోర్."

ఏ పద్మజ అనుకున్నాను.

నిజంగానే అలా అనుకున్నాను. ప్రాణం మీదికి వచ్చిన పద్మజ ఎవరూ నాకు తెలియదు మరి. మా పద్మ మొన్న శుక్రవారమేగా మెయిల్ పెట్టింది.

ఏడాదిగా ఒంట్లో బాగాలేదట. ఆపరేషన్ కూడా అయిందట. ఆఖరి నెలంతా ఆసుపత్రిలోనే ఉందట.

పన్నెండేళ్ళ స్నేహంలో నాకు మిగిలినవి ఈ "అట"లు.

పద్మ తెలియని వాళ్ళకు చెబుతున్నాను. వైటూకే రోజుల్లో మా ఆయనా, పద్మ భర్త మూర్తి గారూ ఒకే ప్రాజెక్ట్ మీద సింగపూర్ వచ్చారు. చోవా చూ కాంగ్‌లో పక్క పక్క ఫ్లాట్లు మావి. మగవాళ్ళు పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. షూ విప్పుతూ "ఇవాళ ఏం చేశావ్?" అని అడగడం. మేము "ఏం లేదు" అనడం.

ఒకరోజు పద్మకు ఆ మాట మీదే ఒళ్ళు మండింది.

"పొద్దుట్నుంచీ చాకిరీ చేసి ఏం లేదంటామేంటే మనం? ఏం లేకపోతే ఈ కొంపలో అన్నం దానంతటదే ఉడికిందంటావా?" అంది.

ఆ శుక్రవారమే మొదటి మెయిల్ రాసింది. సబ్జెక్ట్ లైన్ "Em ledu". లోపల చూస్తే వారంలో ఇంట్లో జరిగినదంతా ఉంది. కుక్కర్ మూత పట్టేయడం. పద్మ కూతురు శ్రావ్య, ఇక్కడి హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో జనం టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసినట్టు, అంటే ముందే ఆపుకున్నట్టు, ఊరినుంచి వచ్చిన తాతయ్య కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి అది తనదే అనడం.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం మా స్నేహితురాళ్ళ గ్రూపులో అందరికీ ఆ మెయిల్ రావాల్సిందే.

అప్పట్లో తెలుగు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టేవాళ్ళం. ఒకసారి పద్మ, "mavayya gari kallu kosam doctor daggariki vellam" అని రాసింది. పాపం కళ్ళ గురించి. నేను గ్రూపులో అందరికీ వెళ్ళేలా జవాబిచ్చాను. "కల్లు పోసే డాక్టర్ ఏ బ్లాక్‌ల ఉంటడే, మా ఆయన్ని గూడ తోలిస్త" అని. మావయ్య గారు ఇండియా వెళ్ళేదాకా ఆయన్ని చూస్తే నవ్వు ఆపుకోలేక చచ్చాం.

నవ్వులు సరే. ఆ మెయిల్స్ చదువుతుంటేనే నా ఇంట్లో కూడా ఇంత జరుగుతోందని నాకు తెలిసింది. మా ఆయనతో పోట్లాడుతూ పోట్లాడుతూ, ఇది పద్మకు ఎలా చెప్పాలా అనుకునేదాన్ని. ఆ ఆలోచన రాగానే సగం కోపం పోయేది.

మేము సింగపూర్‌లోనే దూరంగా యీషున్‌కు మారినప్పుడు పద్మ ఒక రూల్ పెట్టింది. మన మధ్య "ఏం లేదు" అన్న మాట బ్యాన్. ఏమైందే అని అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సిందే.

రూల్ పెట్టింది తనే.

మొన్నామధ్య వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసిన మనిషిని పద్మేనా అని రెండుసార్లు చూశాను.

"గింత సన్నగైనవేందే, ఏమైంది?" అన్నాను.

"ఏం లేదే. వాకింగ్ చేస్తున్నా" అంది.

నమ్మాను. పద్మ చెబితే నమ్మక ఇంకేం చేస్తాను.

నిన్న మీ బ్లాక్ కింద, పద్మా, నివాళికి పెట్టిన నీ ఫొటో పక్కన శ్రావ్య కూర్చుని ఉంది. మొన్నటి మెయిల్ గురించి అడిగాను. మూర్తి గారు పోపు మాడ్చి, అది రోస్టెడ్ ఫ్లేవర్ అని అందరికీ అంటగట్టారని రాశావు. నేను ఆఫీసులో పడీ పడీ నవ్వాను. రెసిపీ పంపమని జవాబిచ్చాను.

నువ్వప్పుడు ఆ ఇంట్లోనే లేవు.

"ఎవ్రీ డే ఫోన్‌లో అడిగేది ఆంటీ, ఇంట్లో ఏమైంది అని. ఐ సే, నథింగ్ లా. అమ్మకి సో యాంగ్రీ. నథింగ్ అనకు, కరెక్ట్‌గా చెప్పు అనేది. నేను చెప్పేది, అమ్మ టైప్ చేసేది" అంది శ్రావ్య.

నాకెందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

"రజితా ఆంటీకి తెలిస్తే షి విల్ ఓన్లీ ఆస్క్ అబౌట్ హాస్పిటల్ అంది. దెన్ ఇంటి సంగతులు ఎవరు మాట్లాడతారు అంది."

బాగుంది పద్మా. ఆసుపత్రి మంచం మీద కూడా నీకు ఇల్లే కావాలనిపించింది. అది నాకు అర్థమవుతుంది. కానీ నన్ను మోసం చేశావు. అది మాత్రం నేను ఒప్పుకోను.

నీకు ఇల్లు కావాలంటే నేను తెచ్చేదాన్ని కదా. యీషున్ నుంచి రోజూ వచ్చి మా ఇంటి గొడవలన్నీ నీకు చెప్పేదాన్ని. జబ్బు గురించి ఒక్క ముక్క అడిగేదాన్ని కాదు.

సరే, ఒక్క ముక్క అడిగేదాన్నేమో. కాసేపు ఏడ్చేదాన్నేమో. ఆ ఏడుపు నా హక్కు కాదా? నువ్వుండగా నీ చెయ్యి పట్టుకుని ఏడవాల్సింది, నిన్న నీ ఫొటో ముందు ఏడ్పించావు.

నిన్న ఇంటికి వచ్చాక మా ఆయన నా మొహం చూసి ఏమైంది అన్నారు. నోట్లోంచి ఆ మాటే రాబోయింది. ఆపుకున్నాను.

నీ రూల్ నేను తప్పను.

"పద్మ లేదు" అన్నాను.

వెళ్ళు పద్మా. నొప్పిలేని చోట హాయిగా ఉండు. నీకైనా మనశ్శాంతి దొరకాలి.